ఫోక్స్ వర్సెస్ బీర్ (1884): అసలంతా కట్టాక వడ్డీ అడగడం న్యాయమేనా?

పాతప్లీడరు: లండన్ కేసు. డాక్టర్ ఫోక్స్ మీద జూలియా బీర్‌కి 1875లో 2,090 పౌండ్ల 19 షిల్లింగులకు డిక్రీ వచ్చింది. మరుసటి ఏడాది కాగితం రాసుకున్నారు. వెంటనే 500, తర్వాత ఆరునెలలకోసారి 150 కడితే ఆమె ఇక ఏ చర్యా తీసుకోదు. ఆయన అణాపైసలతో సహా కట్టాడు. అప్పుడు ఆమె వడ్డీ అడిగింది! కింద ఆయన గెలిచాడు, అప్పీల్లో ఆమె. అప్పట్లో అక్కడి అన్నిటికన్నా పై కోర్టు, హౌస్ ఆఫ్ లార్డ్స్ కూడా ఆమెకే ఖాయం చేసింది. నా లెక్కన తప్పు తీర్పు.

గుంటూరుమిర్చి: కాగితంలో వడ్డీ అన్న మాటే లేదుగా. లేనిదాన్ని వదులుకున్నట్టు ఎలా?

పాతప్లీడరు: ‘ఏ చర్యా’ అంటే వడ్డీకీ అనే. ఆమె గెలిచింది అందుకు కాదు, మాటకు బదులుగా ఆమెకు కొత్తగా ఏమీ ముట్టలేదని. 1602 నాటి పిన్నెల్ కేసు నియమం అది. డబ్బు తగ్గించి ఇస్తే బాకీ తీరదు, గుర్రమో డేగో ఇస్తే తీరుతుంది. తీర్పిచ్చిన జడ్జీల్లో ఒకరైన లార్డ్ బ్లాక్‌బర్న్‌కే అది మింగుడుపడలేదు.

గుంటూరుమిర్చి: మళ్లీ అడుగుతున్నా, వడ్డీ అని ఎక్కడ రాసుంది?

కృష్ణలంక: మనకు ఆ గొడవే లేదు. 1872 కాంట్రాక్టు చట్టం 63వ సెక్షన్‌లో ఉదాహరణే ఉంది. 5,000 బాకీకి 2,000 చాలని ఒప్పుకుని తీసుకుంటే మొత్తం తీరినట్టే.

గుంటూరుమిర్చి: ఆ సెక్షనే నా కొంప ముంచింది. మా బావకి నోటు మీద లక్షన్నర ఇచ్చా. నాలుగేళ్లు తిప్పి, పెద్దమనుషుల ముందు అసలు మాత్రం పెట్టి, నోటు వెనక ‘పూర్తిగా చెల్లు’ అని రాయించుకున్నాడు. ఆ రోజు మా అమ్మాయి ఫీజుకి ఆఖరి రోజు. రాయక ఏం చేస్తాను? మీరంతా అప్పు ఎగ్గొట్టేవాళ్ల వైపే!

పాతప్లీడరు: మాట జారకండి. మా నాన్న వాయిదాల మీద అసలంతా తీర్చాడు. వడ్డీ వద్దన్న పెద్దాయన పోయాక ఆయన కొడుకు వడ్డీకి నోటీసు పంపాడు. ఆ కాగితం పట్టుకుని నాన్న చీకటి పడేదాకా అరుగు మీదే కూర్చున్నాడు.

కృష్ణలంక: 1965లో డి అండ్ సి బిల్డర్స్ కేసు చూడండి. ఆ బిల్డర్ల డబ్బు ఇబ్బంది తెలిసి, బాకీ ఉన్నవాళ్లు 482 పౌండ్లకు 300 చేతిలో పెట్టారు. అప్పీలు కోర్టు మిగతాదీ ఇప్పించింది.

గుంటూరుమిర్చి: నేను చెప్పేదీ అదే! ప్లీడరు గారూ, మీ నాన్నగారికి ఆ పెద్దాయన ఇష్టంగా మాటిచ్చాడు. నేను గతిలేక రాశాను. రెండూ ఒకటేనా?

పాతప్లీడరు: ఒకటి కాదు, ఒప్పుకుంటా. కానీ ఫోక్స్ ఆమె మెడ మీద కత్తి పెట్టాడని తీర్పులో ఎక్కడుందో చూపించండి.

గుంటూరుమిర్చి: మీరు ముందు వడ్డీ అని ఎక్కడుందో చూపించండి.