నాలుగో స్టేజీ క్లోమ క్యాన్సర్: నాయనకి కీమో ఎక్కించాలా, వద్దా?

కావలి రైతుబిడ్డ:
మా నాయనకి 66 ఏళ్లు. కావలి దగ్గర పల్లె. ఇప్పటికీ వరి తనే చేస్తాడు. రెండు నెలల కిందట కళ్లు పచ్చబడితే కామెర్లని మూడు వారాలు పసరు తాగించాం. తగ్గలేదు. ఒళ్లంతా దురద, మనిషి చిక్కిపోయాడు. నెల్లూరులో స్కాన్ తీస్తే ప్యాంక్రియాస్ (క్లోమం) తల దగ్గర గడ్డ, లివర్‌లో మచ్చలు. పైత్యం దారి తెరవడానికి స్టెంట్ (చిన్న గొట్టం) వేశాక కామెర్లు దిగాయి. బయాప్సీలో క్యాన్సరేనని తేలింది. చెన్నైలో చూపిస్తే ఆపరేషన్‌కి వీల్లేదు, కీమోతో జబ్బు పూర్తిగా పోదు గానీ కొన్ని నెలలు కలిసొస్తాయి అన్నారు. ఎక్కించాల్సిందేనని అన్న. ఈ వయసులో ఆ హింస ఎందుకని బావ. ఇంట్లో రోజూ గొడవే. నాయనకి మాత్రం పిత్తాశయంలో రాళ్లని చెప్పాం. ఇలాంటిది చూసినవాళ్లు ఏం చేయమంటారు?

సింగరాయకొండ:
తమ్ముడూ, వద్దు. మా అమ్మకీ ఇదే జబ్బు. మంచం దిగలేని స్థితిలో ఉన్నా ఎక్కించారు. రెండు విడతల కీమోకే నోరంతా పూత, విరేచనాలు, తెల్లకణాలు పడిపోయి ఐసీయూ. రెండున్నర నెలల్లో ఇంట్లో ఉన్నది పదహారు రోజులు. నేను లెక్క రాసుకున్నాను. ఎకరం అమ్మాం. ఇంటికి తీసుకుపొమ్మని ఆఖరున అడిగింది, అదీ చేయలేకపోయాం. ఈ మందు ఈమెకి పని చేయకపోవచ్చని ఆ ఆసుపత్రిలో ఒక్కరూ చెప్పలేదు. కలిసొచ్చే నెలలంటే ఇవేనా?

ఒంగోలు నర్సు:
అన్నా, మీది చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. కీమో వార్డులో తొమ్మిదేళ్లు పని చేశాను, అలాంటి అమ్మల్ని చూశాను. కానీ మంచం దిగలేని మనిషికి ఎక్కించారని మీరే రాశారు. అది చేయకూడని పని. దాన్ని చూపించి, చేలో తిరిగే మనిషికి కూడా వద్దనడం సబబు కాదు.

లెక్కలు చెబుతాను. 1997లో వచ్చిన అధ్యయనంలో జెమ్‌సిటాబిన్ అనే కీమో మందు తీసుకున్నవాళ్ల మధ్యస్థ ఆయుష్షు 5.65 నెలలు, పాత మందు ఫ్లోరోయురాసిల్‌తో 4.41. తేడా నెల పైచిలుకు, అంతే. అయితే ఏడాది దాటి బతికినవాళ్లు 18 శాతం, పాత మందుతో 2 శాతం. 2011లో ఫ్రాన్స్ వాళ్లు ఫోల్ఫిరినాక్స్ అనే మందుల కలయికను 342 మందిలో పరీక్షించారు. దాంతో 11.1 నెలలు, ఒక్క జెమ్‌సిటాబిన్‌తో 6.8. మధ్యస్థం అంటే సగం మంది అంతకంటే ముందే పోయారు, సగం మంది ఇంకా బతికారు. పదకొండు నెలలని ఎవరికీ రాసివ్వలేరు.

ఆ 342 మంది ఎలాంటివాళ్లో కూడా చూడాలి. 75 ఏళ్లు దాటనివాళ్లు, తమ పనులు తాము చేసుకుంటూ తిరిగేవాళ్లు, బిలిరుబిన్ (కామెర్లు తెచ్చే పసుపు పదార్థం) అదుపులో ఉన్నవాళ్లు. అలాంటివాళ్లలోనే ఫోల్ఫిరినాక్స్‌కి నూటికి 46 మందికి తెల్లకణాలు బాగా పడిపోయాయి. కాబట్టి మీ అమ్మగారికి జరిగింది దురదృష్టం కాదన్నా, ముందే ఊహించాల్సింది.

కానీ ఇంకో సంగతి ఉంది. ఆరు నెలల నాటికి జీవన నాణ్యత గట్టిగా దెబ్బతిన్నవాళ్లు ఫోల్ఫిరినాక్స్‌తో 31 శాతం, జెమ్‌సిటాబిన్‌తో 66 శాతం. ఘాటు మందు తీసుకున్నవాళ్లే ఎక్కువ కాలం బాగున్నారు! ఎందుకంటే మనిషిని ఎక్కువగా కుంగదీసేది జబ్బే. కీమో మానేస్తే నాయన హాయిగా ఉంటాడని మీ బావగారు అనుకుంటే, అది నిజం కాదు. కీమో ఎక్కించినా మానినా నొప్పికి మార్ఫిన్, అవసరమైతే కడుపు వెనక నరాలకి నొప్పి తెలియకుండా చేసే బ్లాక్ ఇంజెక్షన్, తిన్నది అరగడానికి ఎంజైమ్ క్యాప్సూళ్లు మొదటి రోజు నుంచే అడగండి.

రాళ్లని చెప్పి కీమో ఎక్కించడం మాత్రం నేను ఒప్పుకోను. ఒళ్లు ఆయనది. అన్న, బావ కాదు, ముందు నాయన్ని అడగండి.

సింగరాయకొండ:
చెల్లెమ్మా, మంచం సంగతి ఒప్పుకుంటాను. కానీ మొదటి స్కాన్ నాటికి మా అమ్మ కూడా బజారుకి నడిచి వెళ్లేది. రిపోర్టులకీ బెడ్‌కీ ఆరు వారాలు తిరిగేలోపు పడిపోయింది. మీ లెక్కల్లో ఆ ఆరు వారాలు లేవు. కార్డు మీద మందు వచ్చినా కారు బాడుగ, రూము అద్దె, పోయిన కూలి ఎవరిస్తారు? తమ్ముడూ, ఎక్కించేట్టయితే ఎప్పుడు ఆపాలో మొదటి రోజే డాక్టరుతో మాట్లాడుకో. మా ఇంట్లో ఆపుదామనే ధైర్యం ఎవరికీ లేకపోయింది, నాకూ.

ఒంగోలు నర్సు:
ఆ మాట నిజం అన్నా. ఆపే రోజు ముందే మాట్లాడుకోవాలి.

కావలి రైతుబిడ్డ:
నిన్న రాత్రి నాయనకి చెప్పాను. ముందు కోప్పడ్డాడు. ఇన్నాళ్లూ నా వెనక గుసగుసలాడింది ఇదా అన్నాడు. అన్నం తినలేదు. పొద్దున లేచి, ఎక్కించిన రోజులు పోగా మిగతా రోజులు చేలోకి పోవచ్చా అని అడిగాడు. రెండు నెలలు చూద్దాం, స్కాన్‌లో గడ్డ పెరిగిందంటే ఆపేద్దాం అన్నాడు. అన్న సరేనన్నాడు. బావ ఇంకా ఒప్పుకోలేదు. అక్కా, చేలోకి పోవచ్చా?

ఒంగోలు నర్సు:
ఓపిక ఉన్నన్ని రోజులు పోవచ్చు తమ్ముడూ. గట్టు మీద కూర్చోనీ, వట్టి కాళ్లతో బురదలోకి మాత్రం దిగనివ్వొద్దు. ఫోల్ఫిరినాక్స్ అయితే మొదటి కొద్ది రోజులు చల్లటి నీళ్లు ముట్టుకుంటే వేళ్లు జివ్వుమంటాయి, గోరువెచ్చనివే వాడండి. ఇంట్లో థర్మామీటర్ కొని పెట్టు. జ్వరం 100.4 చూపిస్తే మాత్ర వేసి తెల్లారేదాకా ఆగొద్దు, అర్ధరాత్రయినా బయలుదేరండి. ఫైలు సంచిలో సర్దే ఉంచు.