సిమ్యులేషన్ ఫలితాన్ని మరొకరు తిరిగి రాబట్టి చూడాలా?

రుషికొండ: విశాఖలో తుపాను ఉప్పెనల సిమ్యులేషన్లు, అంటే ఉప్పెనను కంప్యూటరులో లెక్కగట్టి చూడటం, చేసే మా చిన్న బృందంలో ఒక ప్రతిపాదన వచ్చింది. ఇకపై పరిశోధన పత్రం పంపే ముందు ప్రోగ్రామును, ఇన్‌పుట్ ఫైళ్లను, కంపైలర్ (ప్రోగ్రామును యంత్రభాషలోకి మార్చే సాఫ్ట్‌వేర్) వెర్షనుతో సహా అందరికీ అందుబాటులో పెట్టాలని, రచయిత కానివారు నడిపినా అదే ఫలితం రావాలని దాని సారాంశం. నాకు సబబుగానే తోచింది. అభ్యంతరాలుంటే తెలపండి.

లంగరు: "అదే ఫలితం" అన్న మాటతోనే నాకు పేచీ. కంప్యూటరులో దశాంశ సంఖ్యలను ఏ వరుసలో కూడితే చివరి అంకె ఆ వరుసను బట్టి మారుతుంది. వందల ప్రాసెసర్లు పని పంచుకున్నప్పుడు ఆ వరుస ప్రతిసారీ ఒకేలా ఉంటుందన్న హామీ లేదు. 1961లో వాతావరణ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ లోరెంజ్ 0.506127కు బదులు 0.506 ఇచ్చినందుకే ఆయన వాతావరణ నమూనా పూర్తిగా వేరే దారి పట్టింది. 2014 నాటి హుద్‌హుద్‌ను మళ్లీ నడిపి చివరి అంకె దాకా సరిపోల్చమంటే ఎవరి తరమూ కాదు.

ఎండాడ: లోరెంజ్ ఉదాహరణ మీకే ఎదురు తిరుగుతోంది. ఏ అంకె ఇచ్చారో కాగితం మీద ఉంది కనుకనే తేడా ఎక్కడ పుట్టిందో ఆయనకు తెలిసింది.

రుషికొండ: నేనడిగింది అంకెలు కాదు, నిర్ధారణ నిలుస్తుందా అని.

లంగరు: మీరు రాసింది "అదే ఫలితం" అనే. పైకి వెళ్లి చూసుకోండి.

రుషికొండ: సరే, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. నా బాధ వినండి. ఒక సీనియర్ సిద్ధాంత గ్రంథంలోని ఉప్పెన ఎత్తును తిరిగి రాబట్టడానికి నాకు ఎనిమిది నెలలు పట్టింది. "ఫైనల్", "ఫైనల్ కొత్తది", "ఫైనల్ ఇదే" అని మూడు ఫోల్డర్లు. గ్రంథంలో సముద్రపు అడుగు ఘర్షణ గుణకం 0.0025, ఫైలులో 0.0015. బయటి ఉదాహరణే కావాలంటే, అతిగా చల్లార్చిన నీటికి (సున్నా డిగ్రీల కిందికి దిగినా గడ్డకట్టని నీటికి) రెండు ద్రవరూపాలున్నాయా అని బర్క్‌లీ, ప్రిన్స్‌టన్ బృందాలు 2011 నుంచి 2018 దాకా వాదించుకున్నాయి. చివరకు బర్క్‌లీ వారి ప్రోగ్రాములో అణువులకు తొలి వేగాలిచ్చే చోట తప్పుందని ప్రిన్స్‌టన్ వారు ఆ ప్రోగ్రాము చూశాకే తేల్చగలిగారు. ఇందులో చివరి అంకె గొడవ ఎక్కడుంది?

లంగరు: చూపించమనేవారంతా బాగానే ఉంటారు. రెండేళ్లు కూర్చుని రాసిన సరిహద్దు షరతుల (లెక్కగట్టే ప్రాంతం అంచుల్లో నీరు ఎలా ఉండాలో చెప్పే) ప్రోగ్రామును అడిగారు కదా అని ఒకరికి పెన్‌డ్రైవులో ఇచ్చాను. మరుసటి ఏడాది వారి పత్రం వచ్చింది, అనుబంధంలో ప్రోగ్రాము అచ్చయింది, నేను అక్షరదోషంతో పెట్టుకున్న వేరియబుల్ పేరు కూడా దిద్దకుండా అలాగే ఉంది. నా పేరు మాత్రం కృతజ్ఞతల్లో సైతం లేదు. నిజాయితీ నిరూపించుకోమని నన్నే అడుగుతారా?

ఎండాడ: ఇంతసేపూ దశాంశాల మీద పోట్లాడించి, ఇప్పుడా అసలు సంగతి చెప్పడం!

రుషికొండ: అది అన్యాయమే, కాదనను. పత్రం అచ్చయిన రోజున, ప్రోగ్రామును రచయిత పేరుతో, విడిగా ఉదహరించేలా పెడితే మీకు సమ్మతమేనా?

లంగరు: అచ్చయిన రోజున కాదు. అదే ప్రోగ్రాముతో నా రెండో పత్రం వచ్చాక.

రుషికొండ: అంతవరకు మొదటి పత్రాన్ని సరిచూసేదెవరు?

లంగరు: మా గదికి రండి, నా కంప్యూటరు మీదే నడిపి చూపిస్తాను.

రుషికొండ: అది ప్రదర్శన అవుతుంది కానీ తనిఖీ కాదు.

గాజువాక: మధ్యలో వస్తున్నందుకు మన్నించాలి. ఆ గుణకం చివరకు 0.0025గా తేలిందా, 0.0015గానా?

రుషికొండ: తేలలేదు. రెండింటితోనూ నడిపి, రెండు ఎత్తులనూ నా గ్రంథంలో వేశాను.