టేబుళ్ల జాబితా కమాండులో ఫిల్టర్‌కి % పెట్టాలా, * పెట్టాలా?

ప్రశ్న (గుంటూరు):
మిర్చి కోల్డ్ స్టోరేజీ లెక్కలకి చిన్న కమాండ్‌లైన్ టూల్ రాస్తున్నాం. డేటాబేస్‌లో టేబుళ్లు 300 దాటాయి. లాట్_ తో మొదలయ్యేవి మాత్రమే చూపించాలంటే ఏ గుర్తు మేలు?

జవాబు (బెజవాడ):
* పెట్టండి. % తీసుకుంటే దాని వెనకాలే _ కూడా వస్తుంది, చిక్కంతా దానితోనే. ఎస్‌క్యూఎల్‌లో (డేటాబేస్‌ని అడిగే భాష) పేర్లు పోల్చే లైక్‌లో % అంటే ఎన్ని అక్షరాలైనా, _ అంటే ఏదో ఒక అక్షరం. మైఎస్‌క్యూఎల్‌లో షో టేబుల్స్ లైక్ 'లాట్_%' అని కొడితే లాట్స్‌బ్యాకప్ కూడా దిగుతుంది. _ ని మామూలు అక్షరంగా చూడాలంటే \_ అని రాయాలి, ఎవరికి గుర్తుంటుంది? ఇంకో డేటాబేస్ పోస్ట్‌గ్రెస్ వాళ్ల టేబుళ్ల జాబితా కమాండు \డీటీలో * (ఎన్ని అక్షరాలైనా), ? (ఒక అక్షరం) వాడతారు, _ మామూలు అక్షరమే.

లోపల ముందు \ ని, తర్వాత %, _ లని ఎస్కేప్ చేసి (ముందు \ పెట్టి మామూలు అక్షరాలుగా చూసేలా చేసి), ఆఖర్న * ని % గా, ? ని _ గా మార్చండి. వరస తిరగేస్తే మీరు పెట్టిన % కూడా ఎస్కేప్ అయి జాబితా ఖాళీగా వస్తుంది.

ప్రశ్న అడిగినవారు:
థాంక్సండీ. కానీ బాష్‌లో (మనం కమాండ్లు కొట్టే షెల్) లాట్_* కొడితే ఒక ఫోల్డర్‌లో పనిచేస్తోంది, ఇంకో ఫోల్డర్‌లో లేదు.

ఇంకో జవాబు (మంగళగిరి):
పనిచేయని ఫోల్డర్‌లో లాట్_ తో మొదలయ్యే ఫైలు ఉండుంటుంది. బాష్ లాట్_* ని ఆ ఫైలు పేరుగా మార్చేసి మీ టూల్‌కి ఇస్తుంది. అలాంటి ఫైలు లేకపోతే * ని అలాగే వదిలేస్తుంది. 'లాట్_*' అని సింగిల్ కోట్స్‌లో పెట్టండి, హెల్ప్‌లో ఉదాహరణలన్నీ కోట్స్‌తోనే రాయండి. వ్యూలు (టేబుల్‌లా కనిపించే సేవ్ చేసిన క్వెరీలు) జాబితాలో వద్దనుకుంటే పేరు ప్యాటర్న్‌లో ఇరికించకండి, దానికి వేరే ఆప్షన్ ఇవ్వండి.