అప్‌డేట్: బీటెక్ మధ్యలో జర్మనీకి మారడం గురించి

మూడు నెలల క్రితం అడిగింది నేనే. మాది పలాస, విజయనగరంలో బీటెక్ రెండో ఏడాది. ఫీజులు భరించలేక, తక్కువ ఖర్చయ్యే జర్మనీ విశ్వవిద్యాలయానికి మారవచ్చా అని అడిగాను.

మారవచ్చు. కానీ టీసీ తీసుకుని పక్క కళాశాలలో చేరినట్టు కాదు. ఏపీఎస్ ధ్రువపత్రం (మన చదువు సర్టిఫికెట్లు అసలైనవేనని తనిఖీ చేసి ఇచ్చేది) తెచ్చుకుని, కొత్తగా దరఖాస్తు చేయాలి. మన సిలబస్‌ను వాళ్ల సిలబస్‌తో పోల్చి, సరిపోయిన సబ్జెక్టులకే క్రెడిట్లు ఇస్తారు. నేను సంప్రదించిన కన్సల్టెన్సీ మాత్రం "నేరుగా మూడో ఏడాదిలో కూర్చోబెడతాం" అంది. సిలబస్ చూడకుండానే!

అక్కడ ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో చాలాచోట్ల ట్యూషన్ ఫీజు లేదు. బాడెన్-వ్యుర్టెంబర్గ్ రాష్ట్రంలో మాత్రం మనలాంటి విదేశీయులకు సెమిస్టరుకు 1,500 యూరోలు. అసలు బరువు వీసాది: ఏడాది ఖర్చుకు 11,904 యూరోలు ముందే బ్లాక్డ్ ఖాతాలో వేసి చూపించాలి. మన డబ్బే, నెలకు 992 చొప్పున మనకే వస్తుంది. అయినా ముందు పుట్టాలి కదా. విషయం చెబితే నాన్న కాసేపు జీడితోట వైపు చూసి, "అమ్మేద్దామా?" అన్నారు. నాకు నోట మాట రాలేదు.

పైగా అక్కడ డిగ్రీ కోర్సులు ఎక్కువగా జర్మన్ భాషలోనే. నేనింకా జర్మన్ మొదటి మెట్టు ఏ1లో క్రియాపదాలతో కుస్తీ పడుతున్నాను. మాస్టర్స్‌లో ఇంగ్లిషు కోర్సులు బోలెడు. అందుకే బీటెక్ ఇక్కడే పూర్తి చేస్తున్నాను. తోట అమ్మడం లేదు. జర్మన్ తరగతులు మానడం లేదు.