ఎక్స్230లో 8 ఎంబీ చిప్ ప్రతిసారీ వేరే హాష్ ఇస్తోంది

థింక్‌ప్యాడ్ ఎక్స్230 ల్యాప్‌టాప్‌లో బయోస్ స్థానంలో కోర్‌బూట్ (ఓపెన్ సోర్స్ ఫర్మ్‌వేర్) వేయాలని చూస్తున్నాను. ఫర్మ్‌వేర్ ఉండే ఫ్లాష్ చిప్‌లు ఇందులో రెండు. 4 ఎంబీ చిప్‌ను మూడుసార్లు చదివితే ఎస్‌హెచ్‌ఏ256 హాష్ (ఫైల్‌కు వేలిముద్ర లాంటిది) ఒకటే వచ్చింది. 8 ఎంబీది (ఎంఎక్స్25ఎల్6406ఇ) ఫ్లాష్‌రామ్‌కు (flashrom, చిప్‌ను చదివి రాసే ప్రోగ్రామ్) కనిపిస్తుంది, కానీ మూడు రీడ్‌లకు మూడు హాష్‌లు. ఒక రీడ్‌నైతే ఐఎఫ్‌డీటూల్ (ఇంటెల్ ఫర్మ్‌వేర్ ఫైల్‌లోని భాగాలను చూపే టూల్) అసలు గుర్తించనే లేదు.

వాడుతున్నది రాస్ప్‌బెర్రీ పై 4, చిప్‌ను బోర్డు మీదే పట్టుకునే ఎస్‌ఓఐసీ-8 క్లిప్. కరెంటు రాస్ప్‌బెర్రీ పై 17వ పిన్ నుంచి 3.3 వోల్టులు. సీహెచ్341ఏ (యూఎస్‌బీ ప్రోగ్రామర్) ఉంది కానీ దాని డేటా లైన్లు 5 వోల్టులు, అందుకే ముట్టుకోలేదు.

బ్యాటరీ, ఛార్జర్, సీమాస్ సెల్ తీసేశాను. చిప్ కాళ్లు ఐసోప్రొపైల్‌తో తుడిచాను. వైర్లు 20 సెం.మీ. నుంచి 10కి తగ్గించాను. చిప్‌ను చదివే ఎస్‌పీఐ స్పీడ్ 512 కిలోహెర్ట్జ్‌కి దించినా అంతే. చిప్ 3, 7 పిన్‌లు (రైట్ ప్రొటెక్ట్, హోల్డ్) ఖాళీగా వదిలేశాను.

ఎంఈని (ఇంటెల్ మేనేజ్‌మెంట్ ఇంజిన్ ఫర్మ్‌వేర్) కుదించాల్సింది ఈ చిప్‌లోనే, ఈథర్నెట్ మ్యాక్ అడ్రసూ ఇందులోనే. కాబట్టి సరైన బ్యాకప్ లేకుండా రాయను.

ఇదే చిప్‌ను క్లిప్‌తో చదివినవాళ్లు చెప్పండి: 3, 7 పిన్‌లను 3.3 వోల్టులకు కలిపితే రీడ్ నిలకడగా వచ్చిందా, లేక బయటి 3.3 వోల్టుల సప్లై పెట్టాల్సి వచ్చిందా?