అడవిలో బసకు ఒకే కత్తి కొనాలంటే ఎలాంటిది ఎంచుకోవాలి?

ప్రశ్న:
అడవిలో గుడారం వేసుకుని కొన్ని రోజులు గడపడం ఈమధ్యే మొదలుపెట్టాను. పుల్లలు చెక్కడానికి, తాళ్లు కోయడానికి, వంటకు, చేపలు శుభ్రం చేయడానికి పనికొచ్చే ఒకే కత్తి కొనాలనుకుంటున్నాను. వెన్ను మీద రంపపు పళ్లు, బోలు పిడిలో దిక్సూచి, అగ్గిపుల్లలు ఉన్న పెద్ద కత్తి ఒకటి నన్ను ఆకర్షిస్తోంది. అది తీసుకోవచ్చా? కార్బన్ స్టీలు మేలా, స్టెయిన్‌లెస్ స్టీలు మేలా?

మొదటి జవాబు:
దయచేసి ఆ కత్తి తీసుకోవద్దు. పిడి బోలుగా ఉందంటే బ్లేడు చాలావరకు పిడి మొదట్లోనే ఆగిపోయిందని అర్థం. కట్టె చీల్చేటప్పుడు బలమంతా ఆ అతుకు మీదే పడి, కత్తి అక్కడ విరిగే ప్రమాదం ఉంటుంది. బ్లేడు ఉక్కు పిడి చివరి దాకా ఒకే ముక్కగా సాగే ఫుల్ ట్యాంగ్ కత్తిని ఎంచుకోండి. బ్లేడు 10 నుంచి 12 సెంటీమీటర్ల పొడవు, 3 నుంచి 4 మిల్లీమీటర్ల మందం ఉంటే మీరు చెప్పిన పనులన్నీ జరుగుతాయి. అంతకు మించి పొడవైతే చేప కడుపు కోసేటప్పుడు మొన చేతికి లొంగదు. రంపపు పళ్ల విషయానికి వస్తే, అవి పచ్చి కొమ్మలో ఇరుక్కుపోవడమే కాక, వెన్ను మీద కర్రతో కొట్టి కట్టె చీల్చేటప్పుడు ఆ కర్రనే నమిలేస్తాయి. వెన్ను సాదాగా, దాని అంచులు గుండ్రం కాకుండా లంబకోణంలో ఉంటే ఫెర్రో రాడ్‌ను, అంటే నిప్పు రాజేసే లోహపు కడ్డీని, గీకి నిప్పురవ్వలు రాల్చవచ్చు. కొనే ముందు వేలితో తడిమి చూడండి.

రెండవ జవాబు:
ఉక్కు గురించి నేను చెబుతాను. 1095 అనే రకం వంటి కార్బన్ స్టీలు సానరాయి మీద సులువుగా పదునెక్కుతుంది గానీ, తడి తగిలితే తుప్పు పడుతుంది. కనీసం 10.5 శాతం క్రోమియం ఉండే స్టెయిన్‌లెస్‌కు ఆ బెడద తక్కువ. మీకు చేపల పని ఉంది కనుక 14సి28ఎన్ వంటి స్టెయిన్‌లెస్ తీసుకోమంటాను. దానికి సానపట్టడమూ కష్టం కాదు. అంచును ఒక్కో వైపు సుమారు 20 డిగ్రీల కోణంలో సానపడితే చెక్కపనికి తట్టుకుంటుంది.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. అనుమతితో వేటకు వెళ్లే నా మిత్రునికి కూడా ఇదే కత్తి సరిపోతుందా?

మొదటి జవాబు ఇచ్చినవారు:
సరిపోతుంది, అయితే మొన దగ్గర వెన్ను కిందికి వాలి ఉండే డ్రాప్ పాయింట్ ఆకారం చూసుకోమనండి. పొట్ట కోసేటప్పుడు పేగులకు గాటు పడితే మాంసం పాడవుతుంది. ఆ ఆకారంలో మొనను అదుపు చేయడం తేలిక. నెత్తురు, కొవ్వు అంటినా జారని రబ్బరు పిడి, వేళ్లు ముందుకు జరగకుండా ఆపే అడ్డు తప్పనిసరిగా ఉండాలి. పని ముగిశాక కడిగి, తుడిచి, పూర్తిగా ఆరాకే ఒరలో పెట్టాలి. నెలల తరబడి వాడకుండా ఉంచేటప్పుడు మాత్రం తోలు ఒర వద్దు. తోలు తేమను పట్టి ఉంచుతుంది కనుక బ్లేడుకు పలుచగా నూనె రాసి విడిగా భద్రపరచమనండి.