ఈ వారం సమస్య: "దీర్ఘజీవి యనుట తిట్టు గాదె"

నిర్వాహకుడు (సత్యనారాయణపురం, విజయవాడ):
ఆటవెలది నాలుగో పాదం ఇచ్చాను, పై మూడూ మీవి. కాళ్లకు దణ్ణం పెట్టినవాళ్లను "దీర్ఘాయుష్మాన్ భవ" అని దీవించే మనకు ఈ పాదం వినగానే తప్పనిపించాలి, చిక్కు అక్కడే ఉంది. 2013లో అమెరికాలో ప్యూ రీసెర్చ్ సెంటర్ వాళ్లు ఒక సర్వే చేశారు. వైద్యంతో ముసలితనం నెమ్మదించి 120 ఏళ్లు బతకొచ్చంటే మీకు కావాలా అని అడిగితే 56 శాతం మంది వద్దన్నారు, 38 శాతం మంది కావాలన్నారు. ఎదుటివాళ్లకు మాత్రం ఆ ఆశ ఉంటుందని 68 శాతం మంది అనుకున్నారు! మరి దేవుణ్ణి నమ్మినవాడు ఏం కోరుకుంటాడు? ఏ మతం వైపు నుంచైనా పూరించండి, యతి తప్పితే మాత్రం ఊరుకోను.

కృష్ణలంక:
పుండు మాన లేదు, పోవదు ప్రాణమ్ము,
అడవి దిరుగు ద్రౌణి యడుగు చావు,
అతని జూచి నీవు హాయిగా దీవించి
దీర్ఘజీవి యనుట తిట్టు గాదె!

నిర్వాహకుడు:
గణాలు, యతి సరిపోయాయి. ఈ సమస్యకు ద్రౌణి, అంటే అశ్వత్థామ, వస్తాడని ముందే అనుకున్నాను, అందరికీ మొదట తట్టేది ఆయనే. భారతం సౌప్తిక పర్వంలో శాపం మూడు వేల ఏళ్లు, చీమూ నెత్తురూ వాసనతో, పలకరించే దిక్కు లేకుండా తిరగమని. ఆ ఒంటరితనం పద్యంలోకి రాలేదండీ. పుండు కంటే అదే పెద్ద శిక్ష.

బ్రాడీపేట, గుంటూరు:
కోరినన్ని యేండ్లు కొమ్మని యముడన్న
వలదు వలదు స్వామి, వలయు నెఱుక
అనిన చిన్నవాని నాశపెట్టగ నింక
దీర్ఘజీవి యనుట తిట్టు గాదె!

నిర్వాహకుడు:
భేష్. కఠోపనిషత్తులో యముడు నచికేతుడికి నూరేళ్లు బతికే కొడుకుల్ని, మనవల్ని, ఏనుగుల్ని, గుర్రాల్ని ఇస్తానంటాడు, నువ్వు ఎన్ని శరత్తులు కావాలంటే అన్ని బతుకు అంటాడు. "అపి సర్వం జీవితమల్పమేవ" అని ఆ పిల్లవాడి జవాబు, ఎంత ఆయువైనా కొంచెమే అని. ముసలివాళ్లు చాలనడంలో వింత లేదు, బతుకంతా ముందున్నవాడు అన్నాడు కాబట్టే ఆ మాటకు బలం. మీ "చిన్నవాని" అన్న ఒక్క మాట పద్యాన్ని నిలబెట్టింది.

మంగళగిరి:
కన్న కొడుకు పోయె, చూపును కరువయ్యె,
పిలుచుచుండె దుర్గఁ బ్రేమ మీఱ,
అమ్మ! వేగ రమ్మ యని మ్రొక్కు నవ్వను
దీర్ఘజీవి యనుట తిట్టు గాదె!

ఇది మా పక్కింటి మామ్మగారి గురించి. పొద్దున్నే స్టీలు గ్లాసులో నీళ్లు పోసుకుని, బీపీ బిళ్ళ వేలితో తడిమి చూసి వేసుకుని, ఆ వెంటనే కొండ వైపు తిరిగి "అనాయాసేన మరణం, వినా దైన్యేన జీవనం" అని చదువుకుంటారు. తీసుకుపొమ్మని అడుగుతూ బిళ్ళ ఎందుకు మామ్మగారూ అంటే, "పిలిచేదాకా ఒళ్లు జాగ్రత్తగా చూసుకోవద్దూ" అన్నారు.

నిర్వాహకుడు:
మొదటి పాదంలో యతిభంగం, "క"కు "చూ" కుదరదు. "కనుచూపు కరువయ్యె" అనండి, గణమూ యతీ రెండూ కుదురుతాయి. భావం గురించి కాస్త చెప్పాలి. సంధ్యావందనంలో "పశ్యేమ శరదశ్శతం" ముందు, "జీవేమ శరదశ్శతం" తర్వాత. నూరేళ్లు చూడాలి, అప్పుడు నూరేళ్లు బతకాలి. ఆశీర్వచనం కూడా "శతాయుః పురుషః" దగ్గర ఆగదు, "శతేంద్రియః" అంటుంది. అంటే మన పెద్దలు కోరింది ఉత్త ఏళ్లు కాదు, కన్నూ చెవీ మాటా పనిచేసే ఏళ్లు. మీ మామ్మగారికి చూపు పోయాక ఏళ్లు మాత్రం మిగిలాయి, ఆ దిగులు పద్యంలో ఉంది. కానీ ఆ బిళ్ళ మాట పద్యంలో లేదే! అది మీ వచనంలోనే ఉండిపోయింది, నా మటుకు నాకు పద్యం కంటే అదే బాగుంది.

లాలాపేట, గుంటూరు:
మంచి పనులు లేక మసకబారిన వాని
వేయి యేండ్ల బ్రతుకు వెలితి పెంచు;
అట్టి బ్రతుకు జూచి యబ్బురపడి నీవు
దీర్ఘజీవి యనుట తిట్టు గాదె!

ఖురాన్ రెండో సూరాలో వెయ్యేళ్లు బతకాలని ఆశపడేవాళ్ల ప్రస్తావన ఉంది, అన్నేళ్లు ఇచ్చినా అది శిక్షను తప్పించదు అని. అలాగని చావు కోరుకోవడమూ మాకు కూడదు. బతుకు నాకు మేలైనంత కాలం బతికించు, చావు మేలైనప్పుడు తీసుకుపో అని అడగమని హదీసు, అంటే ప్రవక్త మాట.

నిర్వాహకుడు:
"వేయి యేండ్ల" దగ్గర ఆధారం తెలిసి రాశారు, సంతోషం. "అబ్బురపడి" చక్కటి ఎత్తుగడ, వయసు చూసి ఆశ్చర్యపోయే మనందరికీ తగులుతుంది. ఫ్రాన్స్‌లో జాన్ కల్మాన్ అనే ఆవిడ 122 ఏళ్లు బతికి 1997లో పోతే లోకమంతా ఆ అంకె గురించే మాట్లాడుకుంది.

గుణదల:
క్రీస్తె బ్రతుకు నాకు, కీడౌనె మరణమ్ము?
పౌలు చెఱను నుండి పలికె నిట్లు;
అట్టి భక్తు మ్రోల నాయువే వరమని
దీర్ఘజీవి యనుట తిట్టు గాదె!

నిర్వాహకుడు:
ధార బాగుంది. కానీ బైబిల్లో ఫిలిప్పీయులకు రాసిన ఆ ఉత్తరంలో పౌలు అక్కడితో ఆగలేదు కదండీ. వెళ్లిపోయి క్రీస్తుతో ఉండటమే నాకు మేలు, అయినా మీ కోసం ఈ శరీరంలో ఉండటం ఎక్కువ అవసరం అన్నాడు. అది వదిలేస్తే పౌలు చావు కోసం ఎదురుచూసినవాడిలా మిగిలిపోతాడు. ఈశావాస్యోపనిషత్తు రెండో మంత్రం కూడా "కుర్వన్నేవేహ కర్మాణి" అన్నాకే నూరేళ్ల ఆశను ఒప్పుకుంటుంది, పని చేస్తూ బతకాలనుకో అని. నాకు తోచింది ఇదే, భక్తుడు ఆయువును తోసిపుచ్చడు, ఎందుకని అడుగుతాడు. ఆ ప్రశ్నకు జవాబుంటే 120 ఏళ్లూ తీసుకుంటాడు, లేకపోతే 60 కూడా బరువే. మూడో పాదం మార్చి చూడండి.

గుణదల:
నిజమే, ఆ 24వ వచనం మా గుడిలో చాలాసార్లు విన్నదే. సవరించాను:

క్రీస్తె బ్రతుకు నాకు, కీడౌనె మరణమ్ము?
పౌలు చెఱను నుండి పలికె నిట్లు;
ఎవరి కొఱకు నుండె నెఱుగక వానిని
దీర్ఘజీవి యనుట తిట్టు గాదె!

నిర్వాహకుడు:
ఇప్పుడు సమస్య తీరింది. ఈ వారం మొదటి పూరణ ఇదే, రెండోది బ్రాడీపేట వారిది. మంగళగిరి వారు ఆ బిళ్ళను పెట్టి ఇంకో పద్యం రాయాలి, ఆదివారం దాకా గడువు.